కార్యము, గృహము, రచయిత

కాళిదాసుని మేఘసందేశము ఒక కొలువుకాని యేమరుపాటుతో ఆరంభమగును. కుబేరుని సేవలోనున్న యక్షుడొకడు తన విధిలో అజాగ్రత్త చూపెను. ప్రభువు కోపించి, ఏడాదికాలము భార్యకు దూరముగా బ్రతుకుమని శపించెను. ఆ అజాగ్రత్త ఎట్టిదో కవి చెప్పలేదు. భార్యయందలి అధికానురాగమే దానికి కారణమని లోకము ఊహించుకొన్నది. మెదకు సీమలోని కొలిచెలమకు చెందిన మల్లినాథసూరి వ్యాఖ్యతోపాటు ఆ కావ్యమునకు ఎన్నో వ్యాఖ్యలు వెలసినవి. వానితో చదివిన పాఠకులు యక్షుని విరహమును గూర్చి తలపోసినంతగా అతని శిక్షను గూర్చి తలపోయలేదు. యక్షుడును ఆ శిక్ష న్యాయమైనదా యని ఎన్నడును ప్రశ్నింపడు. విధిలో లోపము వచ్చినచో జీతమున కోతవేసినట్లు గృహసుఖమును కోసివేయుట ప్రభువునకు చెల్లునని ఆ కావ్యలోకమంతయు అంగీకరించినట్లే యున్నది.

మన అలంకారశాస్త్రము కూడ ఈ సంగతి నెరుగును. అష్టవిధ నాయికలలో ప్రోషితభర్తృకను నిర్వచించునపుడు, ఆమె భర్త కార్యవశమున దేశాంతరమున నున్నాడని లాక్షణికులు చెప్పుదురు. 'కార్యము' అను ఆ ఒక్క మాటతో పురుషుని వృత్తియంతయు ముగిసినది. అతడు వర్తకుడో, సైనికుడో, రాజోద్యోగియో శాస్త్రమునకు అక్కరలేదు. భర్త లేని కాలమున ఆ నాయిక ఇల్లెట్లు నడపినదో, ఎవరికి వండిపెట్టినదో అదియు అక్కరలేదు. రసము విరహమునందున్నది, బయటిపనియు ఇంటిపనియు తెరవెనుక నున్నవి. ఉద్యోగమునకును గృహజీవితమునకును నడుమ సమత్వము కుదుర్చుకొనవలెనను మాట ఈనాడు పత్రికలలోను, వైద్యుల సలహాలలోను తరచుగా వినవచ్చుచున్నది. మాట క్రొత్తది గాని సమస్య ప్రాచీనమే. తెర తొలగించి ఆ రెండు పనులను చూపుట మాత్రము ఆధునిక కథాసాహిత్యము చేసిన పని.

పందొమ్మిదవ శతాబ్దిలో జీతపుటుద్యోగము విస్తరించినది. దానితోపాటు గడియారము, బదిలీ, సెలవుచీటీ, పింఛను వచ్చినవి. ఆధునిక భారతీయ సాహిత్యమును నిర్మించినవారిలో పెక్కుమంది ఆ గడియారమునకు లోబడినవారే. బంకించంద్రుడు 1858 మొదలు 1891 వరకు డిప్యూటీ మేజిస్ట్రేటుగా, డిప్యూటీ కలెక్టరుగా పనిచేయుచునే నవలలు వ్రాసెను. 1872లో 'బంగదర్శన్' పత్రికను నెలకొల్పెను. గోపీనాథ మహంతి ఒడిశా పరిపాలనోద్యోగిగా కోరాపుట్టు కొండలలో తిరిగి, అచటి గిరిజనుల బ్రతుకును 'పరజా' (1945) మొదలగు నవలలుగా మలచెను. తెలుగున విశ్వనాథ, జాషువాలు బోధనవృత్తి నవలంబించిరి. బుచ్చిబాబు ఆకాశవాణిలో పనిచేసెను. కాళీపట్నం రామారావు విశాఖపట్టణమున బడిపంతులు, రావిశాస్త్రి న్యాయవాది. వీరిలో కొందరికి ఉద్యోగము రచనకు శత్రువు గాక క్షేత్రమైనది. కోర్టు వసారాలు లేనిదే రావిశాస్త్రి కథలు లేవు. కోరాపుట్టు లేనిదే 'పరజా' లేదు. ఏమైనను మన ఆధునిక సాహిత్యమున అధికభాగము సాయంకాలముల, సెలవుదినముల, రాత్రుల పంట.

విమర్శకులు ఈ విషయమును గుర్తింపకపోలేదు. కాని వారి గణన రెండు పద్దులతో ఆగిపోయినది: ఉద్యోగము, రచన. ఈ రెంటిని రచయిత ఎట్లు పొందుపరచుకొనెనని విచారించి, అతని నియమపాలనమును, నిద్ర మానుకొని చేసిన కృషిని కొనియాడి ఊరకుందురు. మూడవ పద్దగు గృహము లెక్కకు రాదు. పగలు కచేరికిని, రాత్రి కాగితమునకును పోగా, ఆ ఇంటి నీరు, నిప్పు, పిల్లల చదువు, పెద్దల రోగము, వచ్చిన అతిథుల భోజనము ఎవరి గంటలలో సాగినవి? ఒక్క మనిషి దినమును మాత్రమే తూచినంతకాలము సమత్వమును గూర్చిన ప్రతిచర్చయు తప్పుతూనికయే యగును. కంటికి కానరాక మరియొకరి దినము ఆ తట్టలో కలసియుండును. ఈ సత్యమును విమర్శకన్న ముందే మన కథకులు గ్రహించిరి. వారిలో కొందరిని ఈ దృష్టితో పరిశీలించుట అవసరము.

రవీంద్రుడు కుటుంబపు జమీందారీ వ్యవహారములను చక్కబెట్టుచు తూర్పు వంగదేశపు పల్లెలలో గడపిన కాలమున, 1891లో, 'పోస్ట్‌మాస్టర్' కథను వ్రాసెను. కలకత్తా యువకుడొకడు ఉలాపురమను కుగ్రామమునకు పోస్ట్‌మాస్టరుగా వచ్చును. జీతము స్వల్పము, తోడు శూన్యము. రతన్ అను అనాథబాలిక పిడికెడు కూటికి అతని ఇంటిపని చేయుచుండును. ప్రొద్దుపోక అతడామెకు అక్షరములు నేర్పును. తన తల్లిని, అక్కను గూర్చి చెప్పును. జ్వరము వచ్చినపుడు ఆ పిల్లయే రాత్రియంతయు తలాపిన కూర్చుండును. బదిలీ కోరగా పైవారు నిరాకరింతురు. అతడు రాజీనామా చేయును. నన్ను నీ ఇంటికి తీసికొనిపోవుదువా యని రతన్ అడుగును. అది యెట్లగునని అతడు నవ్వును.

ఈ కథను ఉద్యోగి ఒంటరితనమునకు సంబంధించిన కథగా చదువుట పరిపాటి. అట్లు చదివినచో ఇది ప్రోషితుడైన పురుషుని కథ మాత్రమే యగును. అతని వరకు సమస్య చక్కగా పరిష్కృతమైనది: ఉద్యోగము గృహమునుండి వేరుచేసినది, అతడు ఉద్యోగమును విడిచి గృహమును చేరుకొన్నాడు. నేటి సలహాదారులు అతనిని మెచ్చుకొందురు కూడ. రవీంద్రుని ప్రతిభ అచట ఆగలేదు. ఆ పరదేశమున అతనికి ఒక ఇల్లు ఉండెను. దానిని పండ్రెండు, పదుమూడేండ్ల పిల్ల కట్టియిచ్చినది. అది ఇల్లని అతడెరుగడు, ఆమె యెరుగును. పడవ కదలినపుడు వెనుకకు పోదమను ఊహ అతనికి కలుగును. అంతలో గాలి తెరచాపను నింపును. ఒక వేదాంతవాక్యము అతనికి ఓదార్పు నిచ్చును. రతన్‌కు ఆ వేదాంతము లేదు. ఆమె తపాలాకచేరి చుట్టు కన్నీళ్లతో తిరుగుచుండును. ఒకరి సమత్వము మరియొకరి గృహభంగముతో సాధింపబడినదని ఇంత క్లుప్తముగా చెప్పిన కథ మరియొకటి అరుదు.

రొకేయా సఖావత్ హుసేన్ ఇదే ప్రశ్నను హాస్యమార్గమున వేసినది. 1905లో మదరాసునుండి వెలువడిన 'ఇండియన్ లేడీస్ మ్యాగజైన్' అను ఆంగ్లపత్రికలో ఆమె 'సుల్తానా స్వప్నము' ప్రకటితమైనది. పడకకుర్చీలో కునుకుతీసిన సుల్తానా స్వప్నమున ఒక స్త్రీరాజ్యమును చేరును. అచట పురుషులు అంతఃపురమున నుందురు, స్త్రీలు రాజ్యమేలుదురు. ఇంటిపనియు, కచేరిపనియు, బుట్టాపనియు అన్నియు ఎట్లు చేయగలుగుచున్నారని ఆమె అడుగును. పనికి రెండు గంటలు చాలునని జవాబు వచ్చును. పురుషుడు కచేరిలో కూర్చుండి దినమునకు పండ్రెండు చుట్టలు కాల్చును. ఒక్కొక్క చుట్టకు అరగంట. ఆరు గంటలు పొగలో పోవును. ఈ లెక్క నవ్వు పుట్టించును గాని దానివెనుక గంభీరమైన పరిశీలన యున్నది. కచేరి గంటలన్నియు పని కాదు. పనియన్నది కచేరిలోనే లేదు. స్త్రీరాజ్యపు వంటయింట పొగ లేదు, బొగ్గు లేదు. సూర్యతాపముతో వంట సాగును. విజ్ఞానము మొట్టమొదట ప్రవేశింపవలసినది వంటయిల్లని రొకేయా చెప్పక చెప్పినది. గంటలను పంచుకొనుటకు ముందు గంటలను సరిగా లెక్కించుట నేర్వవలెనని ఈ చిన్నరచన బోధించును.

ఇక కల్పనను విడిచి ఒక రచయిత జీవితమును చూడవచ్చును. ప్రేమ్‌చంద్ 1921 ఫిబ్రవరిలో గోరఖపురమున గాంధీజీ ఉపన్యాసము విని ప్రభుత్వోద్యోగమునకు రాజీనామా ఇచ్చెను. తరువాత కాశిలో ముద్రణాలయము స్థాపించి నష్టపడెను. 1930లో 'హంస్' పత్రికను ఆరంభించెను. ఋణములు తీర్చుటకు 1934లో బొంబాయి చలనచిత్రశాలకు పోయి, మనస్సు కుదురక తిరిగివచ్చెను. 1936లో తన యేబదియారవయేట మరణించెను. ఈ జీవితమును ఆయన కుమారుడు అమృత్‌రాయ్ 'కలం కా సిపాహీ' (1962) అను గొప్ప గ్రంథముగా వ్రాసెను. ఆ పేరు రచయితను యోధునిగా చూపును. కాని దానికి పదునెనిమిదేండ్లు ముందుగానే, 1944లో, ఆయన భార్య శివరాణీదేవి 'ప్రేమ్‌చంద్ ఘర్ మేఁ' అను పుస్తకము ప్రకటించినది. 'ఇంటిలో ప్రేమ్‌చంద్' అని దాని పేరునకు అర్థము.

ఈ రెండవ పుస్తకము విలువ హిందీ విమర్శయందు ఆలస్యముగా గుర్తింపబడినది. అందు యోధుడు లేడు. అన్నము తినుటకు పిలువవలసినవాడు, రోగము దాచువాడు, భార్యతో వాదించి అప్పుడప్పుడు ఓడిపోవువాడు ఉన్నాడు. రాజీనామా ఆయన యొక్కని సాహసముగా కనబడదు. పిల్లలు చిన్నవారు, ఆరోగ్యము అంతంతమాత్రము. అట్టి స్థితిలో ఇల్లు గడచునా యని యోచించి సమ్మతించిన భార్య ఆ త్యాగమున సగపాలు గలది. శివరాణీదేవి స్వయముగా కథారచయిత్రి. 1930 ఉద్యమమున పికెటింగు చేసి కారాగారమునకు పోయినది. అట్టి యామె తన పుస్తకమునకు భర్త పేరును, ఇంటి పేరును పెట్టినది. ఆమె ఉద్దేశ్యము ఏమైనను, సాహిత్యచరిత్రకు అది గొప్ప ఆధారము. హిందీ నవలకు ప్రాణము పోసిన ఆ కాగితముల క్రింద ఒక గృహము ఉన్నదనియు, ఆ గృహమును ఒక రచయిత్రి తన రచనాకాలమునుండి తీసి పోషించినదనియు అది సాక్ష్యమిచ్చును.

వంటయింటనుండి వచ్చిన సాహిత్యమునకు మన దేశమున మంచి వంశక్రమమే కలదు. వంగదేశమున రాససుందరీదేవి పెద్ద సంసారపు చాకిరిలో చైతన్యభాగవతమునుండి ఒక పుటను వంటయింట దాచుకొని, కుమారుడు అక్షరములు దిద్దిన తాటియాకుతో పోల్చుకొని, రహస్యముగా చదువుట నేర్చెను. తరువాత 'అమార్ జీబన్' అను ఆత్మకథ వ్రాసినది. పాఠశాలకు పోకయే రచయిత్రియైన ఆశాపూర్ణాదేవి గృహిణిగా నుండియే అసంఖ్యాకమైన రచనలు చేసి, 1976లో జ్ఞానపీఠ పురస్కారము పొందిన తొలి మహిళ యైనది. ఆమె 'సువర్ణలత' (1967) నవలలో నాయిక భర్తను కోరినది నగలు కాదు, వీధివైపు ఒక వసారా. అతడు మాట యిచ్చును. క్రొత్తయింట వసారా ఉండదు. పిమ్మట ఆమె రహస్యముగా వ్రాసికొన్నది అచ్చై వచ్చును. తప్పులతడకయైన ఆ పుస్తకమును చూచి కన్నకొడుకులే నవ్వుదురు. ఆమె కాగితములన్నియు తగులబెట్టును.

వసారా కోరిక తమిళమున అంబై కథలో మరల కనబడుట గమనింపదగినది. 'ఇంటి మూల నొక వంటగది' అని తెలుగు చేయదగిన పేరుగల ఆ కథ 1988 నాటి సంపుటమునకు శీర్షికయైనది. రాజస్థానమునందలి ఒక పెద్ద కుటుంబమున వంటగది ఇంటి కొసను చీకటిలో నుండును. వసారాను కొంచెము వెడల్పు చేసిన బాగుండునని కోడలు మీనాక్షి మామగారికి సూచించును. కొలది దినములకు అచట బట్టలారవేయు త్రాళ్లు వెలయును. అంతవరకు కనబడుచుండిన పచ్చని కొండ చీరల చాటున మరుగగును. భాష వేరు, ప్రాంతము వేరు, నడుమ ఇరువదియేండ్లు. ఐనను ఇద్దరు రచయిత్రులకు ఒకే వస్తువు తోచినది. సమత్వ చర్చలు గంటలతో ఆరంభమగుచుండగా, ఈ కథలు చోటుతో ఆరంభమగుచున్నవి. పనినుండి తలయెత్తి బయటికి చూచుటకు నిలువదగిన చోటు లేనివారికి విరామకాలము ఇచ్చినను దానిని వారు ఎక్కడ గడపగలరు? సువర్ణలతకు వసారా దొరకకపోవుట, ఆమె గ్రంథము బూడిదయగుట వేర్వేరు సంఘటనలు కావు.

స్త్రీయే ఉద్యోగమునకు పోయినచో ఈ అసమత తీరునని ఒకప్పుడు ఆశింపబడినది. నరేంద్రనాథ మిత్ర కథ 'అవతరణిక' ఆధారముగా సత్యజిత్ రాయ్ తీసిన 'మహానగర్' (1963) ఆ ఆశను నిదానముగా పరీక్షించినది. బ్యాంకు గుమాస్తా భార్యయగు ఆరతి అల్లిక యంత్రములను ఇంటింట అమ్ము ఉద్యోగమున చేరును. ఉపాధ్యాయుడుగా పనిచేసి విశ్రాంతి పొందిన మామగారు కోడలి సంపాదనను ముట్టుటకు అవమానపడి, పూర్వశిష్యుల ఇండ్లకు సాయమునకై పోవును. భర్త రాజీనామాపత్రము తానే వ్రాసియిచ్చును; అది ఆమె అందజేయు దినముననే బ్యాంకు మూతపడగా, రాజీనామా వలదని ఫోను చేయును. ఇంటి మర్యాద ఉదయమునకు ఒకటి, మధ్యాహ్నమునకు మరియొకటి యగుటను ఇందు చూడవచ్చును.

తెలుగున ఈ రెండవ అంకమును అబ్బూరి ఛాయాదేవి వ్రాసినది. ఢిల్లీలో విశ్వవిద్యాలయ గ్రంథాలయమున పనిచేసిన ఆమెకు ఉద్యోగిని దినము స్వానుభవము. 'బొన్‌సాయ్ బ్రతుకు' కథలో పల్లెనుండి వచ్చిన అక్క, ఉద్యోగము చేయు చెల్లెలి అదృష్టమునకు మురియును. చెల్లెలికి మాత్రము కచేరిపని ఇంటిపనిపైన అదనముగా చేరినదే గాని దానికి బదులుగా రాలేదు. 'సుఖాంతం' కథ మరింత నిష్ఠురమైనది. జీవితమంతయు కంటినిండ నిద్రకు నోచుకొనని ఒక స్త్రీ వృత్తాంతమది. కన్నుమూసినప్పుడెల్ల ఎవరో పిలుతురు. బాల్యమున ఒకరు, సంసారమున ఒకరు, వార్ధకమున ఒకరు. కథ నడకయే ఆ అంతరాయములతో ఏర్పడినది. కథాపేటికలోని వ్యంగ్యము చివర గాని బోధపడదు. రొకేయా సుల్తానాకు కలగనుటకు పడకకుర్చీయు, ఒక కునుకును దక్కినవి. ఛాయాదేవి నాయికకు కల మాట యటుంచి, నిద్రయే దక్కలేదు. సమత్వము తప్పినచోట మొదట హరింపబడునది నిద్రయని, నిద్రతోపాటు కలయును, కలతోపాటు సాహిత్యమును పోవునని ఈ రెండు కథలను ప్రక్కప్రక్కన నుంచి చదివినచో తెలియును. ఛాయాదేవి 'తన మార్గం' సంపుటికి 2005లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము వచ్చినది. ఆ గౌరవము ఆమె శైలికెంత తగినదో, ఈ చిన్న సత్యములకును అంత తగినది.

ఇచట ఒక ఆక్షేపణ రాగలదు. గొప్ప కళ సమత్వమునుండి పుట్టదనియు, ఏకాగ్రత యనునదే ఒక అసమత యనియు, ఇంటిపద్దులు చూచుకొను కవి మహాకావ్యము వ్రాయజాలడనియు కొందరందురు. ఇందు కొంత నిజము లేకపోలేదు. ప్రేమ్‌చంద్ తన ఆరోగ్యమును, ఆదాయమును జాగ్రత్తగా తూచుకొని యుండినచో 'హంస్' నడచెడిది కాదు. రచయిత సుఖముగా నుండవలెనని సాహిత్యము హామీ యీయలేదు. ఐనను ఆక్షేపణకు జవాబు ఆక్షేపణలోనే యున్నది. ఏకాగ్రతకు మూల్యము తప్పదందురా? ఆ మూల్యము చెల్లించినవారి పేరు వ్రాయవలెను. తన ఆరోగ్యమును తాను పణముగా పెట్టుట త్యాగము. మరియొకరి చదువును, నిద్రను, రచనను వారి నడుగకుండ పణముగా పెట్టుట త్యాగము కాదు. అంతేకాక, ఈ లెక్కను ఎరిగిన రచన ఎరుగని రచనకన్న కళాదృష్టితోనే ఉత్తమమైనది. రతన్ లేని 'పోస్ట్‌మాస్టర్' ఒక సామాన్యమైన పరదేశవాసి దిగులు మాత్రమే. పక్కయింట నిలిచిన మనిషిని చూడగలుగుటయే ఆ కథను ఉన్నతము చేసినది.

తెలుగు రచయితలలో నేటికిని అధికసంఖ్యాకులు మరియొక వృత్తిపై జీవించువారే. బడి, బ్యాంకు, కోర్టు, పత్రికాకార్యాలయము, కంప్యూటరు సంస్థ వారి పగటిని తీసికొనును. ఇల్లాండ్రైన రచయిత్రులకు పగలు రెండు మారులు తీసికొనబడును. కనుక ఈ సమస్య తెలుగు విమర్శకు దూరమైనది కాదు. జీవితచరిత్ర వ్రాయువారు రచయిత ఉద్యోగపు తేదీలతోపాటు ఆ ఇల్లు ఎట్లు నడచినదో కూడ విచారింపవలెను. ఒక రచయిత్రి పదేండ్లు మౌనముగా నుండినచో 'ప్రతిభ క్షీణించినది' అని తేల్చుటకు ముందు ఆ పదేండ్లలో ఆ ఇంట ఎందరు పిల్లలు పెరిగిరో, ఎందరు వృద్ధులు మంచము పట్టిరో అడుగవలెను. నవలకు బదులు కథ, కథకు బదులు గేయము ఎన్నుకొనుటలో కూడ రుచితోపాటు తీరిక పాత్ర యెంతయో చూడవలెను. ప్రక్రియల చరిత్రయందు తీరికకు ఒక అధ్యాయము ఈయదగును.

శివరాణీదేవి భర్తను గూర్చి వ్రాసిన పుస్తకము మనకున్నది. ఆమె వ్రాయదలచి, ఇల్లు గడుపుటలో వ్రాయలేకపోయిన కథలు ఎన్నియో మనకు తెలియదు. ప్రతిభాషయందును అట్టి గ్రంథముల జాబితా ఒకటి కలదు. దానికి ప్రచురణ సంవత్సరములు లేవు. ఆ జాబితా ఇంకను పెరుగకుండ చూచుట రచయితల ఇండ్లలో జరుగవలసిన పని. అది యున్నదని మరువకుండుట విమర్శకుని పని.